హెచ్చరిక ఊరు చేరేదాకా

భారత వాతావరణ శాఖ 1875లో ఎందుకు పుట్టిందో తెలుసా? 1864 అక్టోబరులో కలకత్తాను ఓ పెనుతుపాను ముంచింది. నెల తిరగకుండానే, నవంబరు 1న, మన బందరు మీదికి ఉప్పెన వచ్చి దాదాపు 30 వేల మందిని పొట్టన పెట్టుకుంది. ఆ తర్వాత వానలు ముఖం చాటేశాయి. వాతావరణాన్ని గమనించే శాఖ ఒకటి కావాలని ప్రభుత్వానికి అప్పుడు తోచింది.

మరి శాఖ పుట్టి వందేళ్ళు దాటాక కూడా, 1977 నవంబరు 19న దివిసీమలో సుమారు 10 వేల మంది ఎలా చనిపోయారని మీరు అడగవచ్చు. తుపాను వస్తోందని శాఖకు ముందే తెలుసు. హెచ్చరికలూ వెలువడ్డాయి. అయితే కృష్ణ కలిసే చోట సముద్రం లోతు తక్కువ. గాలి తోసుకొచ్చిన నీటికి పోయే దారి లేక పైకి లేస్తుంది. ఆ రోజు అది 5 మీటర్ల దాకా లేచింది. పెనుగాలి వీస్తుందని విన్న రైతుకు, సముద్రమే ఊళ్ళోకి వస్తుందని ఎవరు చెప్పాలి? చెప్పినా, అతడు ఎక్కి నిలబడడానికి ఎత్తైన పక్కా కట్టడం ఏది?

తర్వాతి పన్నెండేళ్ళలో జరిగిన పని ఈ రెండు ప్రశ్నలకూ జవాబే. తీరం వెంట తుపాను రక్షణ భవనాలు లేచాయి. మామూలు రోజుల్లో చాలా చోట్ల అవే బడులు (వాడకంలో ఉన్న భవనం పాడుపడదు కదా!). 1980ల్లో ఇన్సాట్ ఉపగ్రహం ద్వారా హెచ్చరికలు పంపే ఏర్పాటు వచ్చింది. ప్రమాదం ఏ జిల్లాకో ఆ జిల్లాలోని రిసీవర్లే వాటంతటవి మేల్కొంటాయి. సైరన్ మోగి, స్థానిక భాషలో మాట వినిపిస్తుంది. టెలిఫోను తీగలు తెగినా దీనికి అడ్డులేదు. 1990 మే 9న మళ్ళీ అలాంటి తుపానే వచ్చింది. అప్పటికే 6 లక్షల మందికి పైగా ఇళ్ళు ఖాళీ చేశారు. మృతులు వెయ్యిలోపే.

ఆ అనుభవం రాష్ట్రం సరిహద్దు దాటడానికి మాత్రం మరో విషాదం కావలసి వచ్చిందని నా అభిప్రాయం. 1999 అక్టోబరులో ఒడిశాలో దాదాపు 10 వేల మంది పోయారు. అక్కడ రక్షణ భవనాలు అప్పటికి అతి కొద్ది. ఆ ఏడాదే ఒడిశా విపత్తుల కోసం ప్రత్యేక సంస్థను నెలకొల్పింది. 2013లో ఫైలిన్ వచ్చేనాటికి సుమారు 10 లక్షల మందిని తరలించారు. మృతులు 50 లోపే.

ఇదంతా నేల మీది మాట. 2017లో ఓఖీ తుపాను నడిసముద్రంలో ఉన్న జాలర్లను పట్టుకుంది. సెల్‌ఫోను సంకేతం తీరం దాటితే ఎంతో దూరం పోదు. అందుకే 2019లో, హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సాయంతో, ఉపగ్రహ సందేశాన్ని పడవలో అందుకునే చిన్న పెట్టె వచ్చింది. అయితే అది సందేశం అందుకోగలదే గాని, పడవ నుంచి జవాబు పంపలేదు.