చెట్టు పేరిట ఊరు, ఊరి పేరిట ఇల్లు

తెలుగు నేలమీది ఊరిపేర్లలో చెట్టు ఒంటరిగా నిలవడం తక్కువ. చింతకుంట, జమ్మికుంట, రావినూతల, నేరేడుచర్ల, తాడికొండ, మారేడుపల్లి వంటి పేర్లలో ఉత్తరపదం, అంటే సమాసంలోని రెండవ మాట, ఆ చోటు కుంటో నుయ్యో చెరువో కొండో పల్లెయో చెబుతుంది. పూర్వపదమైన చెట్టుపేరు ఆ కుంటను చుట్టుపక్కల ఉన్న ఇతర కుంటల నుంచి వేరుచేస్తుంది. ఇటువంటి పేర్లన్నిటినీ వృక్షపూజకు ముడిపెట్టే అలవాటు ఉన్నది గానీ, అది సరైన పద్ధతి కాదు. పూజలందుకొనే రావి, మారేడు, జమ్మిలతో పాటు సాధారణంగా పూజలందుకోని తుమ్మ కూడా తుమ్మలగుంట వంటి పేర్లలో సమానంగా కనిపించడాన్ని బట్టి, ఈ పేర్లకు భక్తి కంటే గుర్తు అవసరమే ముఖ్య కారణమని భావించవలసి ఉంటుంది.

గుర్తుగా చెట్టును వాడుకోవడం ఎంత పాతదో తూర్పు చాళుక్యుల తామ్రశాసనాలు చూపుతాయి. దానమిచ్చిన రాజు వంశాన్ని, దాత కీర్తిని సంస్కృతంలో వర్ణించిన శాసనకర్తలు, పొలిమేరలు చెప్పవలసి వచ్చేసరికి తరచుగా తెలుగుకు దిగి, ఫలానా దిక్కున చింత, ఫలానా దిక్కున మర్రి, పుట్ట, గుంట అంటూ ఊరివాళ్ళు చూపించగల ఆనవాళ్ళనే నమోదు చేశారు. మూడు ఊళ్ళ పొలిమేరలు కలిసే చోటును చెప్పే ‘ముయ్యలికుట్టు’ అనే మాట కూడా ఈ హద్దుల వర్ణనలలోనే దొరుకుతుంది.

ఊరిపేర్లు పాత వ్యాకరణాన్ని కూడా దాచిపెట్టాయి. విభక్తి ప్రత్యయం చేరేముందు నామం పొందే మారురూపాన్ని వ్యాకర్తలు ఔపవిభక్తికం అంటారు. తాటిచెట్టుకు ‘తాడు’ అన్నది పాతమాట. దాని ఔపవిభక్తిక రూపం ‘తాటి’ కోనసీమలోని తాటిపాకలో నిలువగా, బహువచన రూపం ‘తాళ్ళ’ రాజంపేట దగ్గరి తాళ్ళపాకలో నిలిచి, అన్నమాచార్యుల (1408–1503) వంశానికి ఇంటిపేరై దేశమంతటా వినిపించింది. నేరేడు నేరెళ్ళగా, మామిడి మామిళ్ళగా, వావిలి వావిళ్ళగా మారడం ఇదే పద్ధతి. ఇంగ్లీషు లిపిలో రాసిన పేర్లను తిరిగి తెలుగులోకి తెచ్చే రాతకోతల్లో ‘ళ్ళ’ కాస్తా ‘ల్ల’ అవుతున్నది. దానితో పేరులోని చెట్టు కనుమరుగవుతుంది కాబట్టి, ఇది చిన్న తప్పుగా వదిలేయదగినది కాదు.

వాడుకలో నశించిన మాటలకూ ఈ పేర్లే ఆశ్రయం. వేపకు ‘వేము’ అనే పాతరూపం ఇప్పుడు మాటల్లో వినిపించదు గానీ వేమూరు, వేంపల్లె, వేములపల్లి పేర్లలో బతికే ఉన్నది. అయితే ఈ వరుసలో వేములవాడను కూడా చప్పున చేర్చడానికి వీలులేదు. వేములవాడ రాజధానిగా ఏలిన చాళుక్య రాజు మూడవ అరికేసరి 966లో సోమదేవసూరికి ఇచ్చిన దానాన్ని తెలిపే పర్భణీ తామ్రశాసనం, ఆ జైనాచార్యుని శుభధామ జినాలయం ఉన్న ఈ రాజధానిని లేంబులపాటకం అని పేర్కొన్నది. ‘పాటకం’ అంటే ఊరిలోని భాగం లేదా వాడ. ‘లేంబుల’ కాలక్రమాన ‘లేముల’ అయి, అర్థం తెలియని ఆ మాటను జనం తమకు తెలిసిన ‘వేముల’గా సరిదిద్దుకొన్నారని చెప్పవచ్చు. కానీ సంస్కృత ‘నింబ’ శబ్దానికి ప్రాకృతంలో ‘లింబ’ అనే రూపం ఉన్నందున, లేంబులోనూ వేపచెట్టే దాగి ఉండే అవకాశాన్ని కొట్టివేయలేము. అదే నిజమైతే జనం చేసిన దిద్దుబాటు పేరును దాని మొదటి అర్థానికే తిరిగి చేర్చినట్లవుతుంది.

ఊరు విడిచి వేరేచోట స్థిరపడినవారిని పాత ఊరిపేరుతో పిలవడం వల్ల చెట్లు ఇళ్ళలోకి ప్రవేశించాయి. వేమూరు నుంచి వచ్చినవారు వేమూరివారు, చింతలపాడువారు చింతలపాటివారు, మద్దిపాడువారు మద్దిపాటివారు అయ్యారు. ‘ఊరు’ ‘ఊరి’గా, ‘పాడు’ ‘పాటి’గా మారడం పైన చెప్పిన ఔపవిభక్తికమే. ఊరిపేరు ఇంటిపేరు కావడం ప్రాచీనకాలంతో ఆగిపోలేదు. 1952 నుంచి 1956 వరకు హైదరాబాద్ రాష్ట్ర ముఖ్యమంత్రిగా ఉన్న రామకృష్ణారావు ఇంటిపేరు నిజానికి పుల్లంరాజు. బూరుగుచెట్టును తలపించే బూర్గుల అనే ఊరిపేరే ఆయనకు ఇంటిపేరై స్థిరపడింది.

మర్రి, చింతా, తుమ్మల వంటి ఇంటిపేర్ల సంగతి వేరు. వాటిలో ఊరిని తెలిపే ఉత్తరపదం లేదు. అది ఒకప్పుడు ఉండి జారిపోయిందా, లేక ఇంటి ముందరి చెట్టే నేరుగా పేరయిందా అన్నది ప్రతి కుటుంబానికీ విడిగా తేల్చవలసిన విషయం. 1909లో వెలువడిన దక్షిణభారత కులాల, తెగల సంపుటాలలో ఎడ్గర్ థర్‌స్టన్, తమలో తాము పెళ్ళి చేసుకోని బంధువర్గాలకు చెట్లపేర్లు ఉండటాన్ని తెలుగు కులాలలో గుర్తించాడు. కోమట్లలో గోత్రానికి చెందిన మొక్కను తినకూడదనే నియమాన్ని కూడా నమోదు చేశాడు. అటువంటి నియమం ఉన్న ఇళ్ళలో చెట్టు చిరునామా కాదు, చుట్టరికం. ఆ పేర్ల పుట్టుకను పటంలో కాక పెళ్ళి సంబంధాలలోనూ వంటింటి నిషేధాలలోనూ వెదకాలి.