జాగిలం నుండి అల్సేషియన్ దాకా: హైదరాబాదు ఇంటి కాపలా చరిత్రలో కుక్క

ఆబిడ్స్, నాంపల్లి ప్రాంతాల పాత బంగళాల గేట్లపై ‘కుక్క ఉన్నది, జాగ్రత్త’ అన్న పలక నగరవాసులకు చిరపరిచితం. ఆ వాక్యంలో కుక్క జాతి పేరు లేదు. అయినా చదివినవారెవరూ ఊరకుక్కను ఊహించుకోరు. ‘కుక్క’ అన్న సామాన్య పదం ఆ గేటు మీద ‘పెద్ద సీమకుక్క’ అన్న విశేషార్థాన్ని ఎట్లా పొందింది? సాహిత్య ఆధారాలను, నగర చరిత్రను కలిపి ఈ ప్రశ్నను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. కావ్యాల నుండి, సామెతల నుండి నిత్యజీవితాన్ని వెలికితీసే మార్గాన్ని సురవరం ప్రతాపరెడ్డి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ (1949) మనకు చూపింది.

నన్నయ ఆదిపర్వంలో సరమ వృత్తాంతం, భారతం చివర ధర్మరాజును అనుసరించిన శునకం ప్రసిద్ధాలు. ‘సారమేయం’ అంటే సరమ సంతానమే. ధూర్జటి తిన్నని కథలో వేట ఉన్నచోట కుక్కలూ ఉన్నాయి. కావ్యభాష గౌరవించినది వేటకుక్కను. దాని పేరు జాగిలం. ఇల్లు కాచే కుక్కకు కావ్యంలో కన్నా కథలో, సామెతలో చోటెక్కువ. హితోపదేశంలో చాకలి ఇంటి కుక్క దొంగను చూసీ మొరగదు. యజమాని తిండి సంగతి మరిచాడన్నది దాని ఫిర్యాదు. దాని బదులు ఓండ్రపెట్టిన గాడిద దెబ్బలు తిని చస్తుంది. ఎవరి పని వారే చేయాలన్న నీతినే మనం సాధారణంగా గుర్తుంచుకుంటాం. కాపలా ఒక ఒడంబడిక అనీ, దాన్ని ముందుగా తప్పినది యజమాని అనీ ఆ కథే చెబుతున్నది.

హైదరాబాదు దేవిడీలకు కాపలా ప్రధానంగా మనుషులది. అరబ్బులు, రోహిల్లాలు సంపన్నుల వాకిళ్లలో పహరా కాసేవారు. ఎత్తైన గోడలు, లోపలి ముంగిళ్లు, నౌకర్ల సమూహం ఉన్న ఆ నిర్మాణంలో కాపలా కుక్క అవసరం తక్కువ. ఆబిడ్స్ ఇందుకు భిన్నమైన నగరం. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ కొలువులో పనిచేసిన ఆల్బర్ట్ ఆబిడ్ దుకాణం పేరే ఆ ప్రాంతానికి నిలిచింది. దగ్గరలోనే కోఠీలో బ్రిటిషు రెసిడెన్సీ, 1907లో వచ్చిన నాంపల్లి రైల్వేస్టేషను ఉన్నాయి. ఈ పరిసరాల్లో నలువైపులా ఖాళీ జాగా, చుట్టూ ప్రహరీ, ముందు గేటు ఉన్న బంగళా నమూనా పెరిగింది. 1949లో జాగీర్ల రద్దుతో పెద్ద పరివారాలను పోషించే ఆర్థిక ఆధారం కూలింది. పహరా మనిషి తగ్గిన గేటు వద్దకు కుక్క వచ్చిందన్నది ఈ రెండు మార్పుల నుండి చేయదగిన ఊహ. పలక అక్షరాస్యులను ఉద్దేశించినదన్న సంగతి కూడా దీనికి పొసగుతుంది.

ఆ కుక్కకు తెలుగులో స్థిరపడిన పేరు ‘అల్సేషియన్’. 1899లో జర్మనీలో స్టెఫానిట్జ్ తీర్చిదిద్దడం ప్రారంభించిన గొర్రెల కాపరి జాతి ఇది. మొదటి ప్రపంచయుద్ధం తరువాత జర్మన్ పేరు ఇష్టంలేక బ్రిటన్ దానికి అల్సాస్ ప్రాంతం పేరు పెట్టింది. అక్కడి కెన్నెల్ క్లబ్బు 1977లో పాత పేరును పునరుద్ధరించినా, తెలుగువారి నోట వలసకాలపు పేరే మిగిలింది. ‘సీమ’ అన్న విశేషణం సీమచింతకు వలెనే కుక్కకూ అన్యదేశ్యతతో పాటు హోదాను అంటగట్టింది.

హోదాకు వాతావరణంతో పొత్తు కుదరలేదు. కుక్కకు చెమట గ్రంథులు ముఖ్యంగా పాదాల మెత్తల్లోనే ఉంటాయి. అది ప్రధానంగా నాలుక చాచి వగరుస్తూ వేడిని వదులుతుంది. దేహం పెద్దదైన కొద్దీ బరువుతో పోలిస్తే చర్మ వైశాల్యం తగ్గుతుంది. ఆల్ప్స్ మంచులో పనిచేసిన సెయింట్ బెర్నార్డ్‌కు, రెండు పొరల బొచ్చున్న అల్సేషియన్‌కు 40 డిగ్రీలు దాటే హైదరాబాదు మే నెల కఠిన పరీక్ష. పొట్టి వెంట్రుకల డోబర్‌మన్‌కు కొంత వెసులుబాటున్నా నీడ, నీరు లేని సిమెంటు ముంగిలి దానికీ ప్రాణాంతకమే.

దక్కనుకు, తీరాంధ్రకు తగిన జాతులు లేకపోలేదు. కర్ణాటకలోని ముధోళ కుక్క (నిర్మల్ జిల్లా ముధోల్‌తో దీనికి సంబంధం లేదు) 2005లో తపాలాబిళ్ల మీదికెక్కింది. కొల్లేటి పరిసరాల జోనంగి బాతుల మందలను కాచింది. రెండూ పొట్టి వెంట్రుకల, సన్నని దేహపు కుక్కలు. వాటిని వేటకూ మందకూ పెంచిన సమాజం నగరపు గేటు వద్ద వాటిని నిలపలేదు. గేటు కోరినది కాపలాతో పాటు ఆకారం పుట్టించే భయాన్ని కూడా.

నేటి పత్రికాభాషలో ‘జాగిలం’ పోలీసు కుక్కకు పేరైంది; కావ్యాల వేటకుక్క గౌరవం దానికి బదిలీ అయింది. జోనంగికి ఆ గౌరవపదం దక్కలేదు. పశుకాపరుల, వేటకుల, బాతుల పెంపకందార్ల నోట కుక్కల రంగుకు, నడకకు, పనికి ఉన్న మాటలను ఆ వృత్తులు నిలిచి ఉండగానే సేకరించవలసి ఉంది. దేశి జాతిని పోల్చుకునే జ్ఞానం ఆ మాటల్లోనే ఉంది. ఇక గేటు మీది పలక వచ్చేపోయేవారినే హెచ్చరిస్తుంది. హితోపదేశంలోని కుక్క హెచ్చరించినది యజమానిని.