విపత్తులలో స్వచ్ఛంద సేవకుల సమన్వయం: బీహార్ (1934), క్వెట్టా (1935) అనుభవాలు

1. పరిచయం

విపత్తు సంభవించినప్పుడు సహాయం చేయడానికి ముందుకు వచ్చేవారికి మన దేశంలో కొరత లేదు. అయితే వారిలో ఎవరు ఏ ఊరికి వెళ్ళాలి, ఏ పని చేయాలి, ఖర్చుకు ఎవరు లెక్క చెప్పాలి, ప్రభుత్వ యంత్రాంగంతో ఎలా మెలగాలి అన్న ప్రశ్నలకు ముందుగానే జవాబు సిద్ధంగా ఉండటం అరుదు. ఈ ప్రశ్నలను పరిష్కరించే ఏర్పాటునే సమన్వయం అంటాం. ఆధునిక భారతదేశ చరిత్రలో దీనిని అర్థం చేసుకోవడానికి రెండు భూకంపాలు బాగా ఉపకరిస్తాయి. 1934లో బీహార్‌లో స్వచ్ఛంద సేవకులకు పని చేసే అవకాశం దొరికింది. పదహారు నెలల తరువాత క్వెట్టాలో ఆ అవకాశం నిరాకరించబడింది. పాలకులు వారే, సేవకు సిద్ధపడిన నాయకులూ దాదాపు వారే. అయినా ఫలితాలు వేరుగా ఎందుకు ఉన్నాయో ఈ పాఠంలో పరిశీలిద్దాం.

2. బీహార్ భూకంపం

1934 జనవరి 15న మధ్యాహ్నం రెండు గంటలు దాటిన కొద్దిసేపటికి ఉత్తర బీహార్, నేపాల్ ప్రాంతాలలో తీవ్రమైన భూకంపం వచ్చింది. ముజఫర్‌పూర్, దర్భంగా, మోతీహారి, సీతామఢీ పట్టణాలు దెబ్బతిన్నాయి. గంగానది దక్షిణపు ఒడ్డున ఉన్న ముంగేర్‌లో బజారు మొత్తం కూలిపోయింది. అధికార లెక్కల ప్రకారమే బీహార్‌లో మృతుల సంఖ్య 7 వేలు దాటింది. పగటివేళ కావడం వల్ల చాలామంది ఇళ్ళ బయట ఉన్నారు. రాత్రివేళ వచ్చి ఉంటే ప్రాణనష్టం ఇంకా ఎక్కువగా ఉండేది.

ఈ భూకంపానికి ఒక ప్రత్యేకత ఉంది. నేల చీలి, భూగర్భంలోని నీరు ఇసుకతో కలిసి పైకి చిమ్మింది. పొలాల మీద ఇసుక మేటలు వేసింది. బావులు పూడిపోయాయి. చక్కెర మిల్లులు దెబ్బతినడంతో చేతికి వచ్చిన చెరకు పంటను ఆడించే దారి లేకపోయింది. కాబట్టి శిథిలాలు తొలగించి, అన్నం పెట్టి వెళ్ళిపోతే సరిపోయే విపత్తు కాదు ఇది. తాగునీరు, సాగుభూమి, ఇల్లు, పంట అన్నింటినీ తిరిగి నిలబెట్టాలి. రైలు మార్గాలు, తంతి తీగలు తెగిపోవడంతో ఎక్కడ ఎంత నష్టం జరిగిందో తెలుసుకోవడమే మొదటి రోజులలో పెద్ద సమస్య అయింది.

3. సహాయ సంఘం ఏర్పాటు

అప్పటి రాజకీయ పరిస్థితిని గుర్తుచేసుకోవాలి. శాసనోల్లంఘన ఉద్యమం ఇంకా అధికారికంగా ముగియలేదు. 1932 నుంచి కాంగ్రెస్ సంఘాల మీద నిషేధం ఉంది. బీహార్ కాంగ్రెస్ నాయకుడు బాబు రాజేంద్రప్రసాద్ ఖైదీగా ఉంటూ, అనారోగ్యం వల్ల పాట్నా ఆసుపత్రిలో చికిత్స పొందుతున్నారు. భూకంపం వచ్చిన రెండు రోజులకు, జనవరి 17న, ప్రభుత్వం ఆయనను విడుదల చేసింది. ఆయన వెంటనే విరాళాల కోసం విజ్ఞప్తి చేశారు. ఆయన నాయకత్వంలో బీహార్ కేంద్ర సహాయ సంఘం ఏర్పడింది. జె.బి. కృపలానీ, జయప్రకాశ్ నారాయణ్ వంటివారు ఈ పనిలో పాల్గొన్నారు.

రామకృష్ణ మిషన్, మార్వాడీ రిలీఫ్ సొసైటీ వంటి సంస్థలు కూడా రంగంలోకి దిగాయి. మరోవైపు వైస్రాయ్ పేరుతో వేరొక సహాయ నిధి నడిచింది. ఇన్ని చేతులు ఒకేచోట పనిచేసినప్పుడు రైలు స్టేషన్‌కు దగ్గరగా ఉన్న ఊరికి రెండు మూడుసార్లు సహాయం అందడం, దారి లేని ఊరికి ఏమీ అందకపోవడం సహజంగా జరుగుతుంది. కేంద్ర సంఘం అవసరం ఇక్కడే కనిపిస్తుంది. దాని పని అందరి బదులు తానే సేవ చేయడం కాదు. అందరి సేవా చేరవలసిన చోటికి చేరేలా చూడటం.

జవహర్‌లాల్ నెహ్రూ ఈ ప్రాంతంలో పర్యటించి, రోజులు గడిచినా శిథిలాలు తొలగించకపోవడాన్ని చూసి ప్రభుత్వాన్ని తీవ్రంగా విమర్శించారు. ముంగేర్‌లో ఆయన, ఇతర నాయకులు స్వయంగా పారలు, గంపలు పట్టి శిథిలాలు తవ్వారు. నాయకుడు పార పట్టడం మిగతావారికి ప్రేరణ ఇస్తుంది. కానీ ప్రేరణ కొద్దిరోజుల పనికి చాలుతుంది. నెలల తరబడి సాగే పనికి వ్యవస్థ కావాలి. బీహార్‌లో ఆ వ్యవస్థకు రెండు ఆధారాలు ఏర్పడ్డాయి: ప్రభుత్వంతో సహకారం, కచ్చితమైన లెక్కలు.

4. ప్రభుత్వంతో సహకారం

నిన్నటివరకు చట్టాన్ని ధిక్కరించి జైళ్ళకు వెళ్ళినవారు నేడు అదే ప్రభుత్వ అధికారులతో కలిసి పనిచేయవచ్చా? ఇది ఆనాటి కార్యకర్తలను నిజంగా ఇబ్బంది పెట్టిన ప్రశ్న. 1934 మార్చిలో గాంధీజీ బీహార్ వచ్చారు. పాట్నాలో జరిగిన సహాయ సంఘ సమావేశంలో, ఈ విపత్తు నివారణలో ప్రభుత్వానికి సగౌరవ సహకారం అందిస్తామన్న తీర్మానాన్ని ఆయనే ప్రతిపాదించారు. రాజకీయ విభేదం అలాగే ఉంటుంది. బాధితుని ముందు మాత్రం రెండు పక్షాలు ఉండరాదన్నది ఆ తీర్మానం సారాంశం. దీనివల్ల స్వచ్ఛంద సేవకులకు గ్రామాలలో అడ్డంకులు తగ్గాయి. ఒకే పనిని ఇద్దరూ చేసే వృథా కూడా తగ్గింది.

అయితే ఈ సందర్భంలో గాంధీజీ చెప్పిన ప్రతిమాటా ఆమోదం పొందలేదు. భూకంపం అస్పృశ్యతా పాపానికి దైవం విధించిన శిక్ష అని ఆయన అనగా, ప్రకృతి సంఘటనకు నైతిక కారణం ఆపాదించడం అశాస్త్రీయమని రవీంద్రనాథ్ ఠాగూర్ బహిరంగంగా ఖండించారు. నెహ్రూ కూడా ఈ వ్యాఖ్యతో విభేదించారు. ఈ వివాదం సహాయ కార్యక్రమాన్ని ఆపలేదు. అభిప్రాయాలు ఒకటి కాకపోయినా పని ఒకటిగా సాగగలదని ఇది చూపుతుంది.

సహాయం పొందేవారిలో శక్తి ఉన్నవారు పని చేసి తీసుకోవాలని గాంధీజీ పట్టుబట్టారు. బాధితుడు యాచకుడిగా మారరాదన్నది ఆయన ఉద్దేశం. బావులు బాగుచేయడం, ఇసుక తొలగించడం వంటి పనులు స్థానికుల శ్రమతోనే జరగవలసినవి కాబట్టి ఈ సూత్రం ఆచరణకు కూడా అనుకూలించింది.

5. కుమారప్ప లెక్కలు

విరాళాలు లక్షల రూపాయలలో వచ్చాయి. వాటి పద్దుల పర్యవేక్షణకు జె.సి. కుమారప్ప ఆర్థిక సలహాదారుగా వచ్చారు. తంజావూరులో జన్మించిన కుమారప్ప లండన్‌లో అకౌంటెన్సీ చదివిన నిపుణుడు. ఆయన స్వచ్ఛంద సేవకుని భోజనానికి రోజుకు మూడు అణాల పరిమితి పెట్టారు. గాంధీజీ, ఆయన పరివారం బీహార్ వచ్చినప్పుడు వారి భోజన, ప్రయాణ ఖర్చులు ఆ పరిమితిలో ఇమిడేవి కావు. ఆ ఖర్చును సహాయ నిధి నుంచి ఇవ్వలేమని, వేరే ఏర్పాటు చేసుకోవాలని కుమారప్ప మహదేవ్ దేశాయ్‌కి తెలియజేశారు. విషయం తెలుసుకున్న గాంధీజీ ఆ నిర్ణయాన్ని అంగీకరించారు.

దీనిని ఒక ఆసక్తికరమైన కథగా మాత్రమే చూడకూడదు. ఎక్కడో మారుమూల ఊరిలో ఉన్న కార్యకర్త తన మూడు అణాలకు లెక్క రాయాలంటే, ఆ నియమం అందరికంటే పెద్ద నాయకునికి కూడా వర్తిస్తుందని తెలియాలి. అప్పుడే దాతకు నమ్మకం, కార్యకర్తకు క్రమశిక్షణ ఉంటాయి. సేవాభావం ఎంత గొప్పదైనా లెక్కకు ప్రత్యామ్నాయం కాదు.

6. సహాయం నుంచి పునర్నిర్మాణం వైపు

తొలి వారాల ఉత్సాహం తగ్గిన తరువాతే అసలు పని మొదలవుతుంది. భూకంపం నేల ఎత్తుపల్లాలను మార్చడం వల్ల కొన్ని గ్రామాలకు వరద ముప్పు పెరిగింది. అటువంటి గ్రామాలను ఎత్తైన స్థలాలకు మార్చి కట్టవలసి వచ్చింది. ఈ పనిలో స్విట్జర్లాండ్‌కు చెందిన పియర్ సెరెసోల్ పాత్ర చెప్పుకోదగినది. యుద్ధానికి బదులుగా సేవ అన్న ఆశయంతో అంతర్జాతీయ శ్రమదాన సంస్థను స్థాపించిన ఆయన 1934లో బీహార్ వచ్చారు. తరువాతి సంవత్సరాలలో కొద్దిమంది యూరోపియన్ సహచరులతో తిరిగి వచ్చి, ముజఫర్‌పూర్ ప్రాంతంలో స్థానికులతో కలిసి మట్టి మోసి, ఇళ్ళు కట్టే పనిలో పాల్గొన్నారు. వారి సంఖ్య చాలా తక్కువ. పత్రికలలో భూకంపం వార్తలు ఆగిపోయిన తరువాత కూడా వారు అక్కడ ఉండటమే వారి ప్రత్యేకత.

7. క్వెట్టా: మూసిన తలుపులు

1935 మే 31 తెల్లవారుజామున బలూచిస్తాన్‌లోని క్వెట్టా నగరం భూకంపంలో నేలమట్టమైంది. ప్రజలు నిద్రలో ఉన్న సమయం కావడంతో కనీసం 30 వేల మంది మరణించినట్లు అంచనా. క్వెట్టా సరిహద్దులోని పెద్ద సైనిక కేంద్రం. సైన్యం తక్షణం రంగంలోకి దిగి, నగరాన్ని తన అధీనంలోకి తీసుకుని, ప్రాణాలతో ఉన్నవారిని రైళ్ళలో పంజాబ్, సింధ్ ప్రాంతాలకు తరలించింది. బయటినుంచి సేవకులు రావడాన్ని ప్రభుత్వం నిషేధించింది. గాంధీజీకి, అప్పటికి కాంగ్రెస్ అధ్యక్షుడైన రాజేంద్రప్రసాద్‌కు కూడా అనుమతి దొరకలేదు.

ప్రభుత్వ వాదనలో కొంత బలం ఉంది. కూలిన నగరంలో నీరు, ఆహారం పరిమితం. అంటువ్యాధుల భయం ఉంది. క్రమశిక్షణ గల సైన్యం చేతిలోనే ఉంది. కానీ ప్రజల వాదన కూడా బలమైనదే. శిథిలాల కింద ఇంకా ప్రాణాలతో ఉన్నవారిని వెలికితీయడానికి మరిన్ని చేతులు ఉపయోగపడేవి కదా అని వారు ప్రశ్నించారు. విమర్శించిన పత్రికల మీద ప్రభుత్వం చర్యలు తీసుకోవడం అనుమానాలను పెంచింది. చివరికి రాజేంద్రప్రసాద్ నాయకత్వంలోని సహాయ సంఘం, నగరం బయటికి చేరిన శరణార్థులకు సేవ చేయడానికే పరిమితం కావలసి వచ్చింది.

క్వెట్టాలో సైన్యం రూపంలో సమర్థత ఉంది, నమ్మకం లేదు. బీహార్‌లో ప్రభుత్వ యంత్రాంగం నెమ్మదిగా కదిలినా, రెండు పక్షాల మధ్య పని మేరకు నమ్మకం ఏర్పడింది. స్వచ్ఛంద సేవకులను ఎక్కడ వాడాలో ఆలోచించడానికి బదులు వారిని దూరంగా ఉంచడం కూడా సమన్వయ వైఫల్యమే.

8. సారాంశం

పై రెండు అనుభవాల నుంచి మూడు విషయాలు గ్రహించవచ్చు. మొదటిది, స్వచ్ఛంద సేవకులకూ ప్రభుత్వానికీ మధ్య బాధ్యతల విభజన స్పష్టంగా ఉండాలి. రెండవది, లెక్కల నియమం పెద్దలకూ చిన్నలకూ ఒకటే కావాలి. మూడవది, సేవను మొదటి వారంలో వచ్చినవారి సంఖ్యతో కాక, ఏడాది తరువాత మిగిలిన పనితో కొలవాలి.

1977 నవంబర్ 19న దివిసీమను ముంచెత్తిన ఉప్పెన తరువాత కూడా అనేక సంస్థలు అక్కడికి తరలివచ్చాయి. ఆ అనుభవాన్ని పరిశీలించేటప్పుడు ఈ మూడు ప్రమాణాలనూ వాడి చూడండి.

మీ అవగాహనను పరీక్షించుకోండి

1. బీహార్ భూకంప సహాయంలో కేంద్ర సహాయ సంఘం పాత్రను వివరించండి.
2. కుమారప్ప ఆర్థిక నియమాల ప్రాముఖ్యం ఏమిటి?
3. క్వెట్టాలో స్వచ్ఛంద సేవకులపై విధించిన నిషేధం సమర్థనీయమేనా? రెండు పక్షాల వాదనలను చర్చించండి.
4. కృత్యం: మీ ప్రాంతంలో వచ్చిన తుపాను లేదా వరదను చూసిన ఇద్దరు పెద్దలతో మాట్లాడండి. ఎవరు ముందు వచ్చారు, ఎవరు చివరిదాకా ఉన్నారు, ఎవరికి సహాయం అందలేదు అన్న విషయాలను రెండు పుటలలో రాయండి.