ఎన్లార్జరు అడుగుపలక

ఛాయాచిత్రకళా చరిత్రమును వ్రాసినవారు కెమేరాను, లెన్సును, రసాయనములను కీర్తించిరి గాని, చీకటిగదిలో నెగటివును పెంచి కాగితముపై బొమ్మగ పరచు ఎన్లార్జరు అను యంత్రపు భారమునంతటిని మోయుచు, బొమ్మకు తావై నిలుచు అడుగుపలకను తలచినవారు అరుదు. ఈ ఉపేక్షకు కారణము లేకపోలేదు. మొదట ఆ పలకయే లేదు.

తొలి దశాబ్దములలో గాజు నెగటివును కాగితమునకు హత్తించి ఎండలో నుంచెడివారు గనుక, బొమ్మ ఎంత కావలయునో గాజుపలకయు నంత ఉండవలసినదే. సికింద్రాబాదులో స్టూడియో నెలకొల్పిన రాజా దీన్‌దయాళువంటి వారు బరువైన పలకలతో దేశసంచారము చేయుటకు హేతువిదియే. 1857లో బాల్టిమోరు చిత్రకారుడు డేవిడ్ వుడ్వర్డు పేటెంటు పొందిన సోలార్ కెమేరా ఈ నిర్బంధమును సడలించెను. అద్దముతో పట్టిన సూర్యరశ్మిని కండెన్సరు కటకముగుండ నెగటివుపైకి మరల్చి, ఆ యంత్రము నిలువెత్తు రూపములను ఎదుటి కాన్వాసుపై పరచెడిది. సూర్యుడు జరిగినకొలది అద్దమును త్రిప్పుచుండవలెను, త్రిప్పుటలో చేయి తడబడెనా, శ్రమయంతయు వ్యర్థమే.

1871లో రిచర్డు మాడక్సు జెలటిన్ ఎమల్షనును ప్రకటించిన పిదప, ఆ మార్గముననే వచ్చిన బ్రోమైడు కాగితమునకు దీపపు వెలుగు చాలెను. యంత్రము గదిలోనికి వచ్చెను గాని, మేజిక్ లాంతరువలె అడ్డముగనే పండుకొనియుండెను. కాగితమును ఎదుట నిలిపిన పలకకు గుండుసూదులతో గ్రుచ్చెడివారు.

1925లో లైప్‌జిగ్ వసంత ప్రదర్శనమున లైట్జు సంస్థ, ఆస్కార్ బార్నాకు రూపొందించిన లైకా కెమేరాను లోకమునకు చూపెను. దాని నెగటివు 24 మిల్లీమీటర్ల వెడల్పు, 36 మిల్లీమీటర్ల పొడవు మాత్రమే. సుమారు ఎనిమిది రెట్లు పెంచినగాని 8 అంగుళముల వెడల్పు, 10 అంగుళముల పొడవు గల ప్రింటు రాదు. ఇరుకు గదులకు సైతము ఎన్లార్జరు అవసరము కాగా, యంత్రము లేచి నిలువుగ నిలిచెను. ఆ సంస్థయే చేసిన ఫోకోమాట్ అట్టిది. కాగితము పరుండుటకును, యంత్రమును మోయు స్తంభము నాటుకొనుటకును ఒకే పలక ఆధారమైనది ఈ నిలువు రూపముననే.

పలక వంగిన బొమ్మ మసకబారునని సామాన్యుల భయము. అది అర్ధసత్యము. ఎనిమిది రెట్ల ఎన్లార్జుమెంటులో లెన్సు రంధ్రమును ఎఫ్ 8కు కుదించినచో, కాగితము క్రింద నూలువాసి వంపును చూపు పసిగట్టజాలదు. నెగటివు తన తావునుండి ఇసుమంత తొలగెనా, బొమ్మ స్ఫుటముగ కుదురు తావు దానికి 64 రెట్లు జరుగును. కావున పలక దోషము కాగితముకంటె స్తంభముద్వారా ఎక్కువ హాని చేయును: పాదమువద్ద వంపు పుట్టినచో, నెగటివును లెన్సును మోయు యంత్రపు శిరస్సు వ్రాలి, నెగటివు, లెన్సు, కాగితము ఈ మూటి సమాంతరత్వము చెడును. అంతకంటె పెద్ద శత్రువు కంపము. పలుచని పలకపై నిలిచిన ఎత్తైన స్తంభము, వీథిలో లారీ పోయినను వణకును.

చిత్రిక పట్టిన ఒంటిచెక్క ఈ పనికి నిలువదు. రసాయనపు తొట్ల చెంత తేమను పీల్చి, అడ్డముగ ఉబ్బి, దొన్నెవలె వంగును. నారను పొరపొరకు అడ్డముగ మార్చి అతికిన ప్లైవుడ్డు ఆ చాపల్యమును కట్టివేసెను. 1930ల దశాబ్దములో ఫినాలిక్ రెసినుతో అతుకుట ఆరంభమైన పిదప అది తడికిని ఓర్చినది. ఆ జాతి రెసినులలో ప్రఖ్యాతమైన బేకలైటును 1907లో కనుగొన్న లియో బేక్లండు, 1893లో వేలాక్సు అను కాంటాక్టు కాగితమును తయారుచేసినవాడు. ఎన్లార్జరు అక్కరలేని కాగితముతో ఖ్యాతి గడించినవాని రెసినువిద్యయే ఎన్లార్జరు పాదమును బలపరచుట చరిత్రమునకు గల హాస్యప్రియత్వమునకు నిదర్శనము.

పాత ఎన్లార్జరును కొనదలచినవారు లెన్సును పొగడుటకు ముందు, ఇనుప స్కేలును అంచుపై నిలిపి పలకపై నలువైపుల జరిపి, దాని క్రిందుగ వెలుగు కానవచ్చునేమో చూడుడు. పిదప స్తంభపు పాదమున మూలమట్టము నుంచుడు. వెలుగు కనబడినచో, మందమైన రెండు ప్లైవుడ్డు పలకలను అతికించి, అంచులకు వార్నీషు పూసి, క్రొత్త పీఠమును చేయించుకొనుడు.