పొలం పనుల్లో కాళ్లకు బొబ్బలు: నివారణ, జాగ్రత్తలు

వరి ఆకు మీద తెగులు మచ్చ కనిపిస్తే అదే రోజు మందు కోసం బయలుదేరతాం. అరికాలికి బొబ్బ లేస్తే మాత్రం "అదే తగ్గుతుందిలే" అని అదే కాలితో మళ్లీ బురదలోకి దిగుతాం. చాలాసార్లు అదే తగ్గుతుంది కూడా. కాని బొబ్బ పగిలి పచ్చిపుండుగా ఉన్నప్పుడు మురుగు నీటిలో నిలబడినా, కలుపు మందు పిచికారీ చేసినా చిన్న పుండు పెద్ద ప్రమాదానికి దారితీయవచ్చు. షుగరు ఉన్నవారికి ఈ ప్రమాదం మరీ ఎక్కువ. తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాల రైతులు, వ్యవసాయ కూలీలు పాటించదగిన జాగ్రత్తలు ఇక్కడ ఇస్తున్నాం.

బొబ్బ ఎందుకు వస్తుంది?

నడిచేటప్పుడు పైచర్మం చెప్పుకో బూటుకో అంటుకుని ఉంటుంది. లోపలి ఎముక మాత్రం ప్రతి అడుగుకూ ముందుకు వెనక్కు కదులుతుంది. ఈ రెంటి మధ్య చర్మం పొరలు సాగి, చివరకు విడిపోతాయి. ఆ ఖాళీలో నీరు చేరితే అదే బొబ్బ. ఒరిపిడి, తడి, వేడి ఈ మూడూ కలిస్తే బొబ్బ త్వరగా వస్తుంది. చెమటతోగాని నీటితోగాని చెమ్మగిల్లిన చర్మం పొడి చర్మం కంటే ఎక్కువగా ఒరుసుకుంటుంది. ఎక్కువసేపు నీటిలో నానితే చర్మం మెత్తబడి తేలికగా చిట్లుతుంది. కాబట్టి కాలిని పొడిగా ఉంచడం, ఒరిపిడి తగ్గించడం, ఈ రెండే నివారణకు మూలం.

మన ప్రాంతంలో ఎక్కడ, ఎలా?

తెనాలి వైపు నల్లరేగడి మాగాణి: కాలువలకు నీరు వదిలి దమ్ము మొదలైనప్పటి నుంచి కాలు తడిలోనే ఉంటుంది. బాపట్ల నుంచి 1986లో విడుదలైన సాంబ మసూరి, అంటే బీపీటీ 5204, పంటకాలం సుమారు 145 నుంచి 150 రోజులు. నాట్లు, కలుపు, ఎరువు, పిచికారీ, ఇలా ఏ పనికి వెళ్లినా బురద తప్పదు. నానిన కాలికి వెంటనే హవాయి చెప్పులు తొడిగి గట్ల వెంట నడిస్తే బొటనవేలి సందులో పట్టీ ఒరుసుకుంటుంది. బంకమట్టి చెప్పుకు, కాలికి మధ్య చేరి ఒరిపిడిని ఇంకా పెంచుతుంది.

రేపల్లె, నిజాంపట్నం వైపు చెరువులు: రొయ్యలు, చేపల చెరువుల్లో పనిచేసేవారు గమ్ బూట్లు వాడతారు. బూటు లోపలికి ఉప్పునీరు చేరి ఆరితే ఉప్పు రేణువులు మడమను, చీలమండను కోస్తాయి. సైజు వదులైన బూటులో మడమ పైకి కిందికి జారుతూ ఉంటుంది. అక్కడే మొదటి బొబ్బ లేస్తుంది.

బాపట్ల వైపు ఇసుక నేలలు: చెప్పులోకి చేరిన ఇసుక గరుకు కాగితంలా పనిచేస్తుంది. ఎండాకాలం మధ్యాహ్నం ఒట్టి కాళ్లతో కాలిన ఇసుక మీద నడిస్తే వచ్చేది ఒరిపిడి బొబ్బ కాదు, కాలిన గాయం. దాన్ని వెంటనే శుభ్రమైన చల్లని నీటి ధార కింద 20 నిమిషాలు ఉంచాలి. ఐసు పెట్టరాదు.

పనికి ముందు చేయాల్సినవి

1. బూట్లు, చెప్పులు సాయంత్రం పూట కొనండి. రోజంతా నడిచాక పాదం కాస్త ఉబ్బుతుంది. ఆ కొలతకు సరిపోయిన బూటే రోజంతా సరిపోతుంది. వేళ్ల ముందు బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి, మడమ మాత్రం జారకూడదు. పొలానికి ఏ సాక్స్ వేసుకుంటారో వాటితోనే తొడిగి చూడండి.

2. కొత్త బూటుతో నేరుగా నాట్లకో, కోతకో దిగవద్దు. వారం రోజుల పాటు రోజుకు గంట చొప్పున ఇంటి దగ్గర అలవాటు చేసుకోండి. కొత్త చెప్పు కరిచేది మొదటి రోజుల్లోనే.

3. గమ్ బూటును సాక్స్ లేకుండా వేసుకోవద్దు. నూలు సాక్స్ చెమట పీల్చి తడిగానే ఉండిపోతాయి. నైలాన్ కలిసినవి త్వరగా ఆరతాయి. మరో జత వెంట ఉంచుకుని మధ్యాహ్నం మార్చుకోండి.

4. ఒట్టి కాళ్లతో బురదలో దిగక తప్పనప్పుడు వేళ్ల సందుల్లో, మడమకు వాజలీన్ పల్చగా రాయండి. దాని ప్రభావం ఎంతోసేపు ఉండదు, గంట రెండు గంటలకోసారి కాలు తుడిచి మళ్లీ రాయాలి.

5. పొడి నేలలో ఎక్కువ దూరం నడవాల్సి వస్తే, ఎప్పుడూ బొబ్బ వచ్చే చోట ముందుగానే పేపర్ టేపు ముడతలు లేకుండా అంటించండి. మందుల షాపులో గాయాలకు కట్టు కట్టడానికి అమ్మే తెల్లని టేపు ఇదే. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ వైద్యులు 2016లో ప్రచురించిన పరిశోధనలో, సుమారు 250 కిలోమీటర్ల పరుగు పందేల్లో పాల్గొన్న 128 మంది మీద ఈ టేపును పరీక్షించారు. టేపు వేసిన చోట బొబ్బలు 40 శాతం తగ్గాయి. నూనె రాసిన కాలికి టేపు అంటదు, బురదలో నిలవదు. కాబట్టి తడి పనికి వాజలీన్, పొడి నడకకు టేపు అని గుర్తుంచుకోండి.

ఈ జాగ్రత్తలు పాదయాత్రలకూ వర్తిస్తాయి. 2022 సెప్టెంబరులో అమరావతి రైతులు అరసవల్లికి నడక మొదలుపెట్టి తెనాలి, రేపల్లె ప్రాంతాల మీదుగా వెళ్లారు. అలా రోజుల తరబడి తారు రోడ్డు మీద నడిచేవారైనా, కోటప్పకొండ తిరునాళ్లకు, తిరుమల మెట్ల దారికి వెళ్లేవారైనా అలవాటైన పాత చెప్పులతోనే బయలుదేరాలి.

పని మధ్యలో

ఏదైనా ఒక చోట చురచుర మంటగా, వేడిగా అనిపిస్తే అది బొబ్బకు ముందు వచ్చే హెచ్చరిక. గట్టు ఎక్కి, కాలు కడిగి, తుడిచి, ఆ చోట టేపు వేసే ఐదు నిమిషాలు రెండు మూడు రోజుల పనిని కాపాడతాయి. గుత్తకు నాట్లు వేసే కూలీలు తమంతట తాము ఆగరు. పొలం రైతుగా మీరే మధ్యలో విరామం ఇచ్చి, కాళ్లు కడుక్కోవడానికి శుభ్రమైన నీళ్లు ఉంచండి.

పని అయ్యాక

కాళ్లు బోదె నీటితో కాకుండా మంచినీటితో, సబ్బుతో కడగండి. వేళ్ల సందులు పొడి గుడ్డతో తుడవండి. అక్కడ చర్మం తెల్లబడి చీరుకుపోతుంటే, దురద ఉంటే డాక్టరుకు చూపించండి. అది ఫంగస్ కావచ్చు. బూట్లను తలకిందులుగా ఆరబెట్టండి. ఉదయం తొడిగే ముందు దులపడం మరవవద్దు, తేళ్లు, పాములు చేరతాయి.

బొబ్బ వస్తే

చిన్నదైతే చిదపవద్దు. పైనున్న చర్మమే దానికి మంచి కట్టు. శుభ్రంగా కడిగి, పైన మెత్తని కట్టు కట్టండి.

నడవలేనంత పెద్దదైతే నీరు తీయవచ్చు. చేతులు, బొబ్బ సబ్బుతో కడిగి, మందుల షాపులో దొరికే కొత్త సిరంజి సూదితో అంచు దగ్గర గుచ్చండి. నీరు పోనిచ్చి, పైచర్మం కత్తిరించకుండా కట్టు కట్టండి. కట్టు తడిసిన ప్రతిసారీ మార్చాలి. షుగరు ఉన్నవారు ఇంట్లో ఈ పని చేయరాదు.

సున్నం, బూడిద, కాఫీ పొడి, బండి గ్రీజు వంటివి పుండు మీద వేయవద్దు. ధనుర్వాతం టీకా ఎప్పుడు వేయించుకున్నారో గుర్తు లేకపోతే ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చెప్పి వేయించుకోండి.

పగిలిన బొబ్బతో ఈ పనులకు వెళ్లవద్దు

పిచికారీ: వరి కోశాక మాగాణిలో దున్నకుండా మొక్కజొన్న, జొన్న వేసేవారు కలుపు మందు కొట్టడం మామూలే. కొయ్యకాళ్లు గుచ్చుకుని అసలే కాళ్లు గాయపడే సమయం అది. పారాక్వాట్ వంటి మందు పుండు ద్వారా ఒంట్లోకి చేరితే ప్రాణం మీదికి వస్తుంది, దానికి విరుగుడు లేదు. కాలికి పచ్చిపుండు ఉంటే ఆ రోజు పిచికారీ మానండి. మందు పుండు మీద పడితే వెంటనే 15 నిమిషాలు ధారగా నీటితో కడిగి, డబ్బా మీది చీటీతో సహా ఆసుపత్రికి వెళ్లండి.

నిలవ నీరు: ఎలుకల మూత్రం కలిసిన నీటి నుంచి ఎలుక జ్వరం, అంటే లెప్టోస్పైరోసిస్, పుండు ద్వారా సోకుతుంది. నీటిలో పని చేసిన తర్వాత, సాధారణంగా 5 నుంచి 14 రోజుల్లో, తీవ్ర జ్వరం, పిక్కల నొప్పులు, కళ్లు ఎర్రబడటం కనిపిస్తే ఆలస్యం చేయవద్దు. "పొలం నీటిలో పని చేశాను, కాలికి పుండు ఉంది" అని డాక్టరుకు తప్పక చెప్పండి. ఆ ఒక్క మాటతో డాక్టరుకు సరైన అనుమానం వస్తుంది.

షుగరు ఉన్నవారికి

షుగరు వల్ల పాదాల స్పర్శ తగ్గుతుంది, బొబ్బ లేచినా నొప్పి తెలియదు. రోజూ పడుకునే ముందు అరికాలు అద్దంలో చూసుకోండి, లేదా ఇంట్లో పిల్లల చేత చూపించుకోండి. నొప్పి లేదు కదా అని వదిలేసిన పుండు ముదిరితే వేలు, ఒక్కోసారి పాదమే తీసేయాల్సి రావచ్చు. ఒట్టి కాళ్లతో పొలం వెళ్లడం పూర్తిగా మానండి.

వెంటనే ఆసుపత్రికి వెళ్లాల్సిన లక్షణాలు

- బొబ్బ చుట్టూ ఎరుపు, వాపు రోజురోజుకూ పెరగడం
- చీము, దుర్వాసన
- పుండు నుంచి కాలి పైకి ఎర్రటి గీత పాకడం
- గజ్జల్లో బిళ్ల కట్టడం, చలి జ్వరం
- షుగరు ఉన్నవారికి కాలి మీద ఏ పుండైనా

నాట్ల రోజుల్లో ఒక పూట పోతే నష్టమే. కాని కాలు వాచి పది రోజులు మంచం పట్టడం కంటే ఆ పూట ఆగడం మేలు. ఒక జత సాక్స్, ఒక టేపు చుట్ట, సబ్బు ముక్క సద్దిమూటతో పాటు పొలానికి తీసుకెళ్లండి.