ఎర్రబస్సు, పుష్పకం

మా చిన్నమ్మ ఎయిర్‌పోర్టులో పని చేస్తుంది. ఈ మాట చెప్పగానే వినేవాళ్ళ కళ్ళలో ఒక మెరుపు కనిపిస్తుంది. ఎయిర్‌హోస్టెస్సా? టికెట్ కౌంటరా? కాదు. టెర్మినల్లో నేల తుడిచే పని. ఒక కాంట్రాక్టరు కింద, మూడు షిఫ్టుల్లో ఏదో ఒకటి. ఊరు కొత్తూరు. హైదరాబాద్ నుంచి బెంగళూరు హైవే మీద శంషాబాద్, పాల్మాకుల, తిమ్మాపూర్ దాటాక వస్తుంది. ఇంకా ముందుకు పోతే షాద్‌నగర్.

పొద్దుటి షిఫ్టు పడిందంటే చిన్నమ్మ మూడింటికే లేస్తుంది. ఆ వేళకు పల్లెవెలుగు బస్సు ఉండదు. షేర్ ఆటో దొరికితే శంషాబాద్ దాకా అందులో, దొరక్కపోతే పాల వ్యాన్‌లో. హైవే మీద ఎయిర్‌పోర్టు రోడ్డు చీలే దగ్గర దిగి, లోపలికి పోయే ఇంకేదో బండి కోసం నిలబడాలి. అదే రోడ్డు మీద, అదే చీకట్లో, తెల్లటి లైట్లు వేసుకుని ఏసీ పుష్పక్ బస్సులు ఆమె ముందు నుంచే పోతుంటాయి. "సగం సీట్లు ఖాళీగనే ఉంటయి బిడ్డా" అంటుంది. ఫిర్యాదులా కాదు, చూసింది చెప్పినట్టు.

ఆ ఖాళీ సీట్ల సంగతే నన్ను ఈ చరిత్రలోకి దింపింది.

తెలుగులో ఒక వెక్కిరింపు ఉంది. "ఎర్రబస్సెక్కి వచ్చావా?" అని. లోకం తెలియని పల్లెటూరివాడని అర్థం. కాలేజీలో చేరిన మొదటి వారమే నేనూ పడ్డాను ఆ మాట. నిజానికి ఎర్రబస్సే ఎక్కి వచ్చాను కాబట్టి ఏం జవాబు చెప్పాలో తోచలేదు. ఎర్రబస్సుకి ఎదురుగా మనం నిలబెట్టుకునేది విమానాన్ని. ఒకటి అడుగున, ఒకటి పైన. అయితే హైదరాబాద్ చరిత్రలో కాస్త వెనక్కి వెళ్తే, బస్సూ విమానమూ ఒకే ఇంట్లో పుట్టిన బిడ్డలని తెలుస్తుంది.

1930లో నిజాం ప్రభుత్వం రైల్వేని ప్రైవేటు కంపెనీ నుంచి కొనేసింది. రెండేళ్ళ తర్వాత, 1932 జూన్‌లో, ఆ రైల్వే కిందే రోడ్డు రవాణా శాఖ మొదలైంది. 27 బస్సులు, 166 మంది ఉద్యోగులు. మన ఆర్టీసీకి మూలం అదే. ఇప్పటికీ ఆర్టీసీ బస్సు నంబర్లో 'జడ్' అక్షరం కనిపిస్తుంది కదా, అది ఏడో నిజాం తన తల్లి పేరు మీద పెట్టించిందని ఒక కథ చెబుతారు. బస్సు ఎక్కే జనానికి ఆ కథంటే ఇష్టం. ఒక రాజు తన తల్లి పేరుని పల్లెటూళ్ళన్నిటికీ తిప్పాడంటే ఎవరికిష్టం ఉండదు?

అప్పట్లో బస్సు పని చాలా స్పష్టం. రైలు పోని చోటికి పోవడం. రైలుకీ ఊరికీ మధ్య ఉన్న ఖాళీని పూడ్చడం. కొంతకాలానికి గగనయానం కూడా ఆ రైల్వే పెద్దల చూపు కిందికే వచ్చింది. రైలు, రోడ్డు, ఆకాశం, మూడూ ఒకే గొడుగు కింద. తర్వాత 1940లలో దక్కన్ ఎయిర్‌వేస్ వచ్చింది. 1953లో దేశంలోని విమాన సంస్థలను జాతీయం చేసినప్పుడు అది ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది. బస్సులు 1951లో రైల్వే చేతుల్లోంచి హైదరాబాద్ రాష్ట్ర ప్రభుత్వానికి వచ్చాయి. 1958 జనవరిలో ఏపీఎస్ ఆర్టీసీ ఏర్పడింది. అలా అన్నదమ్ములు వేరుపడ్డారు. ఒకరిది ఢిల్లీ కాపురం, ఇంకొకరిది ఇక్కడే.

ఈ చుట్టరికానికి ఒక ఇనప గుర్తు కూడా ఉండేది. గౌలిగూడ బస్టాండు. సగం గుండ్రటి పైకప్పుతో పెద్ద రేకుల షెడ్డు. చూడగానే విమానాల హ్యాంగరేమో అనిపించేది. అమెరికాలోని మిసిసిపి నుంచి దాన్ని నిజాం తెప్పించాడనీ, మొదట అనుకున్నది విమానాల కోసమేననీ పాత నగరంలో చెప్పుకుంటారు. ఉద్దేశం ఏదైనా, దశాబ్దాలపాటు ఆ షెడ్డు కింద నిలబడింది మాత్రం బస్సులే. 1994లో ఇమ్లీబన్‌లో మహాత్మా గాంధీ బస్ స్టేషన్ వచ్చాక అది సిటీ బస్సులకు మిగిలింది. 2018 జులైలో ఒక రోజు మొత్తం కుప్పకూలింది. అప్పటికే ఖాళీ చేయించి ఉండటంతో ఎవరికీ ప్రాణాపాయం కలగలేదు. ఆ ఫోటోలు వాట్సాప్‌లో వస్తే మా నాన్న చాలాసేపు చూశాడు. "పాలమూరు బస్సు గీడనే ఎక్కెటోళ్ళం" అన్నాడు. ఆ రోజు ఇంకేం మాట్లాడలేదు.

ఇక బేగంపేట. పాత విమానాశ్రయం నగరం నడి మధ్యలో ఉండేది. నిజాం కాలంలో కట్టినప్పుడు అది ఊరి అంచే. తర్వాత ఊరే దాన్ని చుట్టేసింది. అందుకే అక్కడికి వెళ్ళడానికి ప్రత్యేకమైన బస్సు అవసరం ఉండేది కాదు. సికింద్రాబాద్ నుంచి మెహిదీపట్నం పోయే 49ఎం ఎక్కి దిగొచ్చు. విమానం ఎక్కేవాడు, ఎక్కించడానికి వచ్చిన పదిమంది, లోపల సామాన్లు మోసేవాడు, బయట చాయ్ అమ్మేవాడు అందరూ అదే సిటీ బస్సు దిగే అవకాశం ఉండేది. అందరూ దిగేవాళ్ళని నేననను. కార్లున్నవాళ్ళు కార్లలోనే వచ్చేవాళ్ళు. కానీ బస్సుకీ విమానానికీ మధ్య దూరం ఒక రోడ్డు దాటేంత మాత్రమే. 2003లో ఎంఎంటీఎస్ రైళ్ళు మొదలయ్యాక బేగంపేట స్టేషను కూడా తోడైంది.

కానీ ఆ విమానాశ్రయం పెరగడానికి చోటు లేదు. చుట్టూ ఇళ్ళు, రోడ్లు. ట్రాఫిక్ పెరుగుతోంది, పెద్ద విమానాలు రావాలి. శంషాబాద్ దగ్గర దాదాపు 5,500 ఎకరాలు సేకరించారు. 4,260 మీటర్ల రన్‌వే వేశారు. ప్రభుత్వ, ప్రైవేటు భాగస్వామ్యంలో ఏడాదికి 1.2 కోట్ల మందికి సరిపోయేలా కట్టారు. పాత విమానాశ్రయాన్ని మూసెయ్యొద్దని ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ ఉద్యోగులు 2008 మార్చిలో ఆందోళన చేశారు. అయినా మార్చి 22 అర్ధరాత్రితో బేగంపేటలో ప్రయాణికుల విమానాలు ఆగిపోయాయి. 23 నుంచి అంతా శంషాబాదే.

ఆ ఒక్క రాత్రిలో జరిగింది విమానాలు చోటు మారడం ఒక్కటే కాదు. పేదవాడికి విమానాశ్రయం రోడ్డుకి అవతలి వైపు నుంచి పాతిక కిలోమీటర్ల దూరానికి జరిగింది. శంషాబాద్ అంతకుముందు హైవే మీద ఒక చిన్న ఊరు. పాయిగా నవాబుల 'షంస్-ఉల్-ఉమ్రా' బిరుదు నుంచి ఆ పేరు వచ్చిందని చెబుతారు. పక్కన నర్కుడలో అమ్మపల్లి రామాలయం, సినిమా షూటింగులు. బస్సుల్లో మాకు శంషాబాద్ అంటే జామకాయల బుట్టలు కిటికీ దాకా వచ్చే స్టాపు, అంతే. భూమి ఇచ్చినవాళ్ళలో కొందరి పిల్లలు ఇప్పుడు ఆ భూమి మీదే సెక్యూరిటీ గార్డులు. చిన్నమ్మతో పనిచేసే ఒకామె, తను తుడిచే హాలు ఉన్న చోటికి దగ్గర్లోనే ఒకప్పుడు తమ జొన్నచేను ఉండేదని అంటుంది. సరిగ్గా ఎక్కడో చూపించలేదు. గుర్తుపట్టడానికి ఒక్క చెట్టు కూడా లేదు కదా మరి.

దూరం పెరిగినప్పుడు దాన్ని పూడ్చే బస్సు రావాలి. వచ్చింది కూడా. మొదట్లో ఏరో ఎక్స్‌ప్రెస్ పేరుతో ఏసీ బస్సులు, తర్వాత ఆర్టీసీ పుష్పక్. 2019 మార్చిలో 40 ఎలక్ట్రిక్ బస్సులు ఈ దారుల్లోకి వచ్చాయి. నేను తరచూ ఎక్కుతాను వాటిని. శుభ్రంగా ఉంటాయి, చప్పుడుండదు, సూట్‌కేసుకి చోటుంటుంది, రాత్రంతా తిరుగుతాయి. క్యాబ్‌తో పోలిస్తే ఎంతో చవక. మంచి సర్వీసు. అందులో నాకు సందేహమే లేదు.

నా పేచీ అది ఎవరి కోసం అనేదాంతోనే. పుష్పక్ దారులు చూడండి. సికింద్రాబాద్, మియాపూర్, గచ్చిబౌలి. ముఖ్యంగా అన్నీ నగరం వైపే, విమానం ఎక్కేవాళ్ళు ఉండే వైపే. విమానాశ్రయంలో పనిచేసేవాళ్ళలో చాలామంది ఉండేది రెండో వైపు. కొత్తూరు, షాద్‌నగర్, తుక్కుగూడ, చుట్టుపక్కల ఊళ్ళు. ప్రయాణికుడు విమానాశ్రయానికి ఏడాదికి నాలుగుసార్లు వస్తాడేమో. చిన్నమ్మ నెలకి ఇరవయ్యారు రోజులు వస్తుంది. బస్సుకి రోజూ వచ్చేవాడే అసలైన గిరాకీ అని 1932లో రైల్వే వాళ్ళకి తెలుసు. మనమే మర్చిపోయాం.

2023 డిసెంబరు 9న మహాలక్ష్మి పథకం వచ్చింది. తెలంగాణలో ఆడవాళ్ళకి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉచిత ప్రయాణం. చిన్నమ్మ మొదటి జీరో టికెట్‌ని పర్సులో దాచుకుంది, లక్ష్మీదేవి బొమ్మ పక్కన. పగటి షిఫ్టు రోజుల్లో శంషాబాద్ దాకా ఆమెకిప్పుడు ఖర్చు లేదు. ఆ మిగిలిన డబ్బుతో చీటీ కడుతోంది. ఆ పథకం మీద పట్నంలో వేసే జోకులన్నీ విన్నాను. పర్సులో ఆ టికెట్టు చూశాక నాకు నవ్వు రావడం మానేసింది. కానీ జీరో టికెట్ పుష్పక్‌లో చెల్లదు. అంటే ఆఖరి ఆ కొన్ని కిలోమీటర్లే, హైవే నుంచి టెర్మినల్ దాకా, ఆమెకి ఇప్పటికీ దూరం.

కరోనా ఏడాదిలో ఈ తేడా మరీ పచ్చిగా కనిపించింది. 2020 మే 25న దేశంలో విమానాలు మళ్ళీ ఎగిరాయి. హైదరాబాద్ సిటీ బస్సులు మాత్రం సెప్టెంబరు నెలాఖరు దాకా డిపోల్లోనే ఉన్నాయి. నాలుగు నెలలపాటు ఈ ఊళ్ళో విమానం ఉంది, సిటీ బస్సు లేదు. విమానం ఎగిరితే కింద నేల తుడవాలి కదా. చిన్నమ్మ పక్కింటి అబ్బాయి బండి వెనక కూర్చుని పోయేది, పెట్రోలు డబ్బులు ఇచ్చుకుని.

ఇంకో రకం ప్రయాణికులు కూడా ఉన్నారు. జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల వైపు నుంచి గల్ఫ్ పోయేవాళ్ళు. ఎర్రబస్సులో జూబ్లీ బస్టాండ్ దాకా వచ్చి, అక్కణ్ణుంచి పుష్పక్ ఎక్కుతారు. తాడుతో కట్టిన అట్టపెట్టె, దాని మీద మార్కర్‌తో రాసిన పేరు, ఫోన్ నంబరు. ఎర్రబస్సులో వచ్చి ఆ రోజే గాలి మోటరు ఎక్కే మనుషులు వీళ్ళే. ఆ వెక్కిరింపు పుట్టించినవాళ్ళకి వీళ్ళు లెక్కలోకి రాలేదు. ఒకసారి పుష్పక్‌లో నా పక్కన కూర్చున్నతను దారంతా కిటికీ అద్దానికి నుదురు ఆనించి కూర్చున్నాడు. దిగేటప్పుడు "అన్నా, ఈడ దిగితె లోపటికి ఎటు పోవాలె?" అని మాత్రం అడిగాడు. గేటు దాకా పెట్టె ఒక వైపు నేను పట్టుకున్నాను.

ఈ మధ్యలో మెట్రో మాట వచ్చింది. రాయదుర్గం నుంచి ఎయిర్‌పోర్టుకి 31 కిలోమీటర్ల మెట్రోకి 2022 డిసెంబరులో శంకుస్థాపన అయింది. ఏడాది తిరగ్గానే ప్రభుత్వం మారింది, దారి మారింది. ఎంఎంటీఎస్ రైలు 2023లో ఉందానగర్ దాకా వచ్చింది. అక్కణ్ణుంచి విమానాశ్రయం కనుచూపు మేరలోనే, కానీ రైలు అక్కడే ఆగిపోతుంది. 2023-24లో ఇక్కడి నుంచి దాదాపు రెండున్నర కోట్ల మంది ప్రయాణించారు. అంతమందికి కాఫీ పోసిన, పెట్టెలు ఎత్తిన, బాత్రూములు కడిగిన చేతులు ఎన్నో, అవి ఏ బస్సులో వచ్చాయో ఎవరు లెక్కపెడతారు? ఇది వేల కోట్ల పని కూడా కాదు. షిఫ్టులు మారే వేళలు చూసి షాద్‌నగర్ నుంచి టెర్మినల్ దాకా నాలుగు మామూలు బస్సులు వేస్తే చాలు.

పుష్పక విమానం గురించి చిన్నప్పుడు నాయనమ్మ ఒక మాట చెప్పేది. ఎంతమంది ఎక్కినా అందులో ఇంకొకరికి చోటు మిగిలే ఉంటుందట. ఆర్టీసీలో ఆ పేరు పెట్టినవాళ్ళకీ ఈ మాట తెలిసే ఉంటుంది. రామాయణంలో ఆ విమానం కుబేరుడిది. రావణుడు లాక్కున్నాడు. రాముడు అయోధ్య దాకా వాడుకుని తిరిగి కుబేరుడికే పంపేశాడు. అందరికీ చోటున్న బండి చివరికి చేరింది డబ్బున్న దేవుడి దగ్గరికే.

పోయిన వేసవిలో చిన్నమ్మ మా ఇంటికి రావాల్సి వచ్చింది. షిఫ్టు దిగేసరికి రాత్రి పదకొండయింది. నేనే ఫోన్‌లో పట్టుబట్టి పుష్పక్ ఎక్కించాను. పన్నెండేళ్ళుగా రోజూ చూసే బస్సు, ఎక్కడం అదే మొదటిసారి. గచ్చిబౌలిలో దిగాక ఎట్లుందని అడిగాను.

"మంచిగుంది. చల్లగ. డ్రైవరు తమ్మునికి నా మొకం ఎరికే, రోజూ ఆడ నిలవడి చూస్త గద, నవ్విండు" అంది. తర్వాత టికెట్టు తీసి, మీద రాసి ఉన్న డబ్బులు చూసి, మడిచి పర్సులో పెట్టుకుంది. లక్ష్మీదేవి పక్కన కాదు, వేరే అరలో.