తుఫాను రిజిస్టరు

1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన వచ్చేనాటికి నేను కృష్ణా జిల్లాలో ఒక పంచాయతీ సమితి గుమాస్తాను. తుఫాను వస్తోందని రేడియో చెప్పింది. ఎవరిని ఎక్కడికి తరలించాలో మాత్రం మా ఫైళ్లలో లేదు. సుమారు 10,000 మంది పోయారు.

తర్వాత తీరంలో తుఫాను షెల్టర్లు లేచాయి. పల్లపు గ్రామాలు, పడవలు, లారీలు, బియ్యం నిల్వలు ముందే రాసిపెట్టమన్నారు. చాకిరీ పెరిగిందని విసుక్కున్నవాళ్లలో నేనూ ఒకణ్ణి.

1990 మే 9న పెను తుఫాను మళ్లీ కృష్ణా తీరాన్నే తాకింది. 6 లక్షల పైచిలుకు జనాన్ని తరలించారు. మృతులు 1,000 లోపే. 2005 విపత్తు నిర్వహణ చట్టంతో ఇది స్థానిక సంస్థల విధి అయింది. నాకు గుర్తున్నది మాత్రం 1990లో లారీ ఎక్కుతూ ఒక ముసలమ్మ అడిగిన మాట: "కిందటిసారి ఈ కాగితం ఏమైంది నాయనా?"

ఆమె పేరుకు టిక్కు పెట్టి తలవంచుకున్నాను.